ఎడమవైపు అడుగులు

ముడులక్క ఆ సాయంత్రం ఏడోసారి చచ్చిపోయింది. పాడుబడ్డ కోటలో, వంకర మెట్ల మొదట్లో, ఎడమవైపు నుంచి వచ్చి మీదపడ్డవాడి చేతిలో. అంతకుముందు ఆరుసార్లూ అక్కడే, అటువైపు నుంచే. కంప్యూటర్ తెర ఎర్రబడి, మళ్ళీ మామూలై, ఇంకోసారి ఆడతావా అని అడిగింది. దానికేం, అది ఎన్నిసార్లయినా అడుగుతుంది.

బల్లకి అటువైపు కూర్చున్న కూతురు తన లాప్‌టాప్ మీదుగా తలెత్తింది.

"వాడు అన్ని మెట్లూ దిగి వచ్చాడు కదమ్మా! టకటకా బూట్ల చప్పుడు. అంత దూరంలో ఉన్న నాకే వినబడింది. నువ్వేమో కదలకుండా బొమ్మలా నిలబడ్డావు."

"దొంగలా పక్కనుంచి రావడమేంటి? ఎదురుగా రమ్మను, వాడి సంగతి చూస్తా."

గొప్పలు పోయి అన్న మాట కాదది. ఎదురుగా వచ్చినవాణ్ణి ముడులక్క బతకనివ్వదు. మరమగ్గం మీద పడుగులో పోగు తెగితే, తెగిన చోటు మళ్ళీ వెతికినా దొరక్కుండా రెండు క్షణాల్లో ముడివేసే వేళ్ళు ఆమెవి. అందుకే షెడ్డులో అందరికీ ముడులక్క అయింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. వేసవి సెలవుల్లో కూతురు సరదాకి ఆట నేర్పితే, ఇప్పుడు ఫ్యాక్టరీ నుంచి రాగానే ముఖమైనా కడుక్కోకుండా "పద, కోటకి పోదాం" అని కూర్చునేది తల్లే.

"తప్పు నాది కాదు, వీటిది" అంటూ ఫోనుతో పాటు వచ్చిన ఇయర్‌ఫోన్లు చెవుల్లోంచి లాగి బల్లమీద పడేసింది. "పాటల్లోనూ ఇదే వరస. నా పాట తెలుసుగా? మొదట్లో పిల్లనగ్రోవి ఎంత బాగుంటుంది! ఇందులో అదే లేదు. ఆ పాడే అమ్మాయి ఉన్నట్టుండి అందుకుంటుంది. పిల్లనగ్రోవిని మొత్తం మింగేస్తున్నాయి ఇవి."

"అయితే మంచి హెడ్‌ఫోన్లు కొనుక్కో. డబ్బా మీద గేమింగ్ అని రాసి ఉంటుంది, చూసి తెచ్చుకో."

"పాటలకి పనికొస్తాయా అవి?"

"అన్నిటికీ పనికొస్తాయమ్మా. నీ పిల్లనగ్రోవి ఎక్కడికీ పోదు."

పాటలంటే చెవికోసుకునే మనిషి ముడులక్క. ఆ మాటతో మనసు కుదుటపడి, ఎనిమిదోసారి చావడానికి మళ్ళీ మెట్ల దగ్గరికి వెళ్ళింది.

మగ్గాల షెడ్డులోకి కొత్తగా అడుగుపెట్టినవాళ్ళు మొదట రెండు చేతులతో చెవులు మూసుకుంటారు. తర్వాత అక్కడి ఆడవాళ్ళని చూసి నోరు వెళ్ళబెడతారు. నూట ఇరవై మగ్గాలు ఒక్కసారిగా దడదడలాడుతుంటే, మూడు వరుసల అవతలున్న మనిషితో వాళ్ళు తీరిగ్గా కబుర్లాడుతుంటారు. గొంతు పెంచరు, అసలు గొంతే వాడరు. పెదాలు కాస్త సాగదీసి, కనుబొమలు కాస్త ఎగరేసి, మధ్యలో వేళ్ళతో ఒక చిన్న సైగ చేస్తారంతే. ఇంటి గొడవలూ, ఆసుపత్రి కబుర్లూ, ఎవరి కోడలు ఎవరిని ఏమందో, అన్నీ ఆ దడదడ మధ్యలోంచి చెక్కుచెదరకుండా ఈ కొస నుంచి ఆ కొసకి చేరతాయి. సూపర్‌వైజరు వీపు తిప్పి తిడితే అక్కడ అది తిట్టు కింద లెక్క లేదు.

ముడులక్క పక్క నాలుగు మగ్గాలూ వాగుడుకాయవి. ఆ పేరు పెట్టినవాళ్ళకి దణ్ణం పెట్టాలి. షిఫ్టు మొదలైనప్పుడు తెరిచిన నోరు షిఫ్టు అయ్యేదాకా మూయదు, కాకపోతే లోపలున్నంతసేపూ ఒక్క మాటా బయటికి వినబడదు.

బుధవారం పొద్దున నూలు అయిపోయిన కండె మారుస్తూ వాగుడుకాయ పెదాలతో అడిగింది: "నోటీసు చూశావా అక్కా? ఎల్లుండి చెవుల పరీక్షట."

"చూశా. ఏటా ఉండేదేగా" అంది ముడులక్క, అలాగే. అంటూనే చెయ్యి పడుగులోకి పోనిచ్చి తెగిన పోగు పట్టుకుంది.

అది పెద్ద పరీక్షేం కాదు. షిఫ్టు మారేవేళ గంటసేపు మగ్గాలు ఆపుతారు. ఒక్కొక్కళ్ళూ అద్దాల తలుపున్న మందులగదిలోకి వెళ్ళి కుర్చీలో కూర్చోవాలి. కాంపౌండరు బాబాయి ఎదురుగా కూర్చుని, గుసగుసగా ఐదు అంకెలు చెబుతాడు. ఆయన చెప్పినవి తిరిగి చెప్పాలి. చెబితే రిజిస్టరులో పేరు పక్కన టిక్కు. ఇన్నేళ్ళలో ఒక్క అంకె తప్పినవాళ్ళు లేరు. మేనేజరు ఆ రిజిస్టరుని వచ్చినవాళ్ళందరికీ మురిపెంగా చూపిస్తుంటాడు.

ఒక్క పొడుగామె మాత్రం రెండేళ్ళ కిందట, చెవుల్లో రాత్రింబవళ్ళు ఈల మోగుతోందనీ, సరిగా వినబడట్లేదనీ మేనేజరు దగ్గరికి వెళ్ళింది. ఆయన రిజిస్టరు తెప్పించి తిరగేశాడు. ఐదేళ్ళ టిక్కులు వరసగా ఉన్నాయి. ఇక్కడ నీ చెవులు బాగానే ఉన్నాయమ్మా, ఏమైనా అయితే ఇంటి దగ్గర అయ్యుంటుంది అన్నాడు. మగ్గం చప్పుడు పడదన్నావు గనక అని, తుక్కు నూలు గోడౌనుకి మార్చాడు. అప్పటినుంచి ఆమె మగ్గాలు వేరేవాళ్ళవయ్యాయి. చిక్కుపడ్డ నూలు బస్తాల మధ్య ఒక్కతే కూర్చుని రంగులు వేరుచేస్తుంటుంది. పని తప్పించుకోడానికి నాటకమాడి ఇరుక్కుందని అందరూ అనుకున్నారు. ముడులక్క కూడా అలాగే అనుకుంది.

మూడింటికి షిఫ్టు దిగి, జుట్టుకంటిన దూది దులుపుకుని, ముడులక్క బజారు మూలనున్న ఎలక్ట్రికల్ కొట్టుకి వెళ్ళింది. ఒక గోడ నిండా హెడ్‌ఫోన్ల డబ్బాలు. సగం వాటి మీద మంటలూ, పులులూ, ముసుగువీరులూ. బయటపెట్టిన కొన్నిటికి ఎర్రదీపాలు, పచ్చదీపాలు మిణుకుమిణుకుమంటున్నాయి. కౌంటరు వెనక అరవయ్యేళ్ళ పెద్దాయన ఒకప్పుడు రేడియోలు బాగుచేసినవాడు. వేళ్ళ చివర్ల మీద పాత కాలిన మచ్చలు ఇంకా ఉన్నాయి. చుట్టుపక్కలవాళ్ళు ఆయన్ని ఇప్పటికీ రేడియో మేస్త్రీ అంటారు.

"గేమింగ్ అని రాసున్నవి చూపించండి. పాటలకి కూడా పనికిరావాలి."

"అబ్బాయికా అమ్మా?"

"నాకే."

మేస్త్రీ నవ్వలేదు. కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏ ఆట ఆడతారు? నడిచి కాల్చేదా, కార్లు తోలేదా?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతో ముడులక్కకి ఆయన మీద గురి కుదిరింది. కోట సంగతి, మెట్ల సంగతి, ఎడమనుంచి వచ్చి చంపిపోయేవాళ్ళ సంగతి, పిల్లనగ్రోవిని మింగేసిన ఇయర్‌ఫోన్ల సంగతి ఏకరువు పెట్టింది.

"మొదటిసారి కొనేవాళ్ళంతా డబ్బా మీద బొమ్మ చూసి కొంటారు" అన్నాడు మేస్త్రీ. "ఈ దీపాలున్నాయే, నెత్తిన పెట్టుకున్నాక మీకు కనబడవు. ఎదుటివాళ్ళకి వినోదం. ముందు బరువు చూసుకోవాలి. చేత్తో పట్టుకుంటే ఏమీ అనిపించదు, రెండు గంటలు తలమీద ఉంటే మెడ చెబుతుంది దాని సంగతి. తర్వాత ఈ దిండ్లు. చెవి మొత్తం లోపలికి పోవాలి, మీద కూర్చుని నొక్కకూడదు."

"తీగ లేనివి బాగుంటాయంటుంది మా అమ్మాయి."

"పాటకి బాగుంటాయి. కానీ కొన్నిటిలో శబ్దం ఒక్క రవ్వ ఆలస్యంగా వస్తుంది. ఆటలో ఆ రవ్వలోనే ప్రాణం పోతుంది. తీగ ఉన్నవే తీసుకోండి." ఆయన రెండు రకాలు దించి పక్కపక్కన పెట్టాడు. "ఇది వెనక మూసి ఉంది, బయటి గోల రానివ్వదు. ఇది జల్లెడలా తెరిచి ఉంది. పాట విశాలంగా వినబడుతుంది, కాకపోతే ఇంట్లోవాళ్ళూ వింటారు. అన్నిటికన్నా ముఖ్యం, డమడమలు మరీ ఎక్కువున్నది తీసుకోకండి. కొట్టులో విన్నప్పుడు అదిరిపోయినట్టుంటుంది, ఇంటికెళ్ళాక అడుగుల చప్పుడు ఆ డమడమ కింద పడి నలిగిపోతుంది. మీకు బాగా తెలిసిన పాటొకటి చెప్పండి. తెలిసిన పాట అబద్ధమాడదు."

ముడులక్క తన పాట చెప్పింది. మేస్త్రీ వెతికి పెట్టి, మూసి ఉన్న నల్లటి జత ఆమె తలకి సరిచేశాడు. మెత్తగా, వెచ్చగా ఉంది. ఆమె కళ్ళు మూసుకుని పిల్లనగ్రోవి కోసం చూసింది. ఏమీ లేదు. ఉన్నట్టుండి పాడే అమ్మాయి అందుకుంది.

"ఇవీ మింగేస్తున్నాయండీ."

మేస్త్రీ తన తలకి పెట్టుకుని విన్నాడు. నొసలు ముడిచి ఇంకో జత ఇచ్చాడు. అందులోనూ అంతే. మూడోది గోడమీద అన్నిటికన్నా పైవరసలో ఉన్నది, స్టూలెక్కి దించాడు. అందులో అమ్మాయి గొంతు ఎదురుగా నిలబడి పాడుతున్నట్టుంది, పిల్లనగ్రోవి మాత్రం లేదు.

మేస్త్రీ కాసేపు ఆమె ముఖం వైపు చూశాడు. "ఒకసారి తిప్పి పెట్టుకోండమ్మా. కుడిది ఎడమకి."

ముడులక్క తిప్పి పెట్టుకుంది. పాట మళ్ళీ మొదలైంది. సన్నగా, తీయగా, ఎక్కడా తొణక్కుండా పిల్లనగ్రోవి వచ్చింది.

"వచ్చింది!" అని ఆమె పెట్టిన కేకకి కొట్టులోవాళ్ళంతా తిరిగి చూశారు. "ఇదే, ఇదే! వచ్చేసింది!" సంబరంగా రెండు చేతులతో హెడ్‌ఫోన్లు అదుముకుని వింది. విని, ఇంకా విని, అయోమయంగా తలెత్తింది. "మరి పాడే అమ్మాయి ఎటు పోయింది?"

"పాత రికార్డింగులు అలాగే ఉంటాయి. గొంతు ఒక పక్క, వాద్యం ఒక పక్క" అన్నాడు మేస్త్రీ నెమ్మదిగా. తర్వాత వెనక్కి తిరిగి డబ్బాలు సర్దాడు. చాలాసేపే సర్దాడు. ఇటు తిరిగేసరికి ఆయన ముఖం మారింది. "మిమ్మల్ని మూడుసార్లు పిలిచానమ్మా. మీరు హెడ్‌ఫోన్లు తీసేశాకే పిలిచాను. మీరెక్కడ పనిచేస్తారు?"

"మగ్గాల షెడ్డులో. ఇరవై రెండేళ్ళయింది."

"చెవులు పరీక్ష చెయ్యరా అక్కడ?"

"ఎందుకు చెయ్యరు, ప్రతి ఏడూ చేస్తారు. ఒక్క అంకె తప్పలేదు నేను. మా కాంపౌండరు బాబాయి ఎంత మెల్లగా చెప్పినా నాకు అంకె అంకె తెలుస్తుంది. ఎదురుగా కూర్చుని..."

మేస్త్రీ అరచెయ్యి తన నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన కళ్ళు మాట్లాడుతున్నవాడి కళ్ళలాగే ఉన్నాయి, దవడ కదులుతోంది. ముడులక్క చెవికి దూరంగా ఏదో గుబగుబ తప్ప మాట అందలేదు.

"చెయ్యి తియ్యండి" అంది చిరాగ్గా. "చెయ్యి తియ్యండి, వినబడట్లేదు."

అన్నాక, ఆ అన్నమాట ఏమిటో ఆమెకే తెలిసింది. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

మేస్త్రీ మంచినీళ్ళిచ్చాడు. ఆ రోజు ఏదీ అమ్మనన్నాడు. నచ్చిన జత పక్కన పెడతానన్నాడు. "చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఆలస్యం చెయ్యొద్దు. ఉన్నదాన్నైనా కాపాడుకోవాలి. ఆయన ఫ్యాక్టరీ కాగితం అడుగుతాడు. దాంట్లో బాగుందని ఉంటే మాత్రం, ఇక మీ చెవి పాడైంది ఇంట్లోనే అవుతుంది" అన్నాడు, ఆమె ముఖానికి ఎదురుగా నిలబడి, ఒక్కొక్క మాటా విడివిడిగా.

ఇంటికొచ్చి చెబితే కూతురు ముందు నమ్మలేదు. తర్వాత తల్లి వెనక నిలబడి పిలిచింది. ఇంకోసారి పిలిచింది. ముందుకొచ్చేసరికి కళ్ళనిండా నీళ్ళు.

"నాలుగో క్లాసులో నాకు జ్వరమొచ్చింది గుర్తుందా? మంచం మీంచి నిన్ను పిలిచి పిలిచి గొంతు పోయింది. నువ్వు పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడ్డావు. పలకలేదు. కోపమొచ్చిందేమో అనుకున్నా. ఏం తప్పు చేశానా అని ఆ రోజంతా ఆలోచించా. ఆ ఒక్కరోజే కాదమ్మా, ఎన్నిసార్లో."

"పిలిచావా?" అంది ముడులక్క. పిల్లని దగ్గరికి లాక్కుంది. కన్నబిడ్డ పిలిచింది, తను పలకలేదు. ఎడమచెవి పోయిందని కొట్టులో తెలిసినప్పుడు భయమే వేసింది. ఇప్పుడు ఏడుపొచ్చింది. తల్లీకూతుళ్ళు కాసేపు ఏడ్చి, ఇద్దరూ ఒకేసారి ముక్కు తుడుచుకుని, అది చూసి నవ్వుకున్నారు.

కూతురు కంప్యూటర్లో ఏవో వెతికి, రెండు వైపుల శబ్దాన్నీ కలిపి ఒకేలా ఇచ్చే ఏర్పాటు పట్టుకుంది. పాత ఇయర్‌ఫోన్లలోనే పిల్లనగ్రోవీ, అమ్మాయి గొంతూ కలిసి వచ్చాయి. అవి దేన్నీ మింగలేదు, పాపం. ఆట మొదలయ్యాక, "ఎడమవైపు నేనుంటాలే, నువ్వు ఎదురుగా చూసుకో" అంది కూతురు. ఆ సాయంత్రం ముడులక్క రెండుసార్లే చచ్చిపోయింది.

ఆట ముగిశాక కూతురు అసలు మాట ఎత్తింది. "ఎల్లుండి పరీక్షలో నిజం చెప్పెయ్యమ్మా."

"చెబితే గోడౌనుకి పంపుతారు."

"చెప్పకపోతే?"

ముడులక్క ఇయర్‌ఫోన్ల తీగ చుట్టసాగింది. చెప్పకపోతే ఇంకో టిక్కు పడుతుంది. అంతంతమాత్రంగా వినబడుతున్న కుడిచెవి కూడా ఎప్పుడో ఒకనాడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతుంది. అప్పుడు రిజిస్టరు చూసి, ఇంట్లో పోగొట్టుకున్నావంటారు.

గురువారం భోజనం వేళ ముడులక్క రెండేళ్ళలో మొదటిసారి గోడౌనుకి వెళ్ళింది. పొడుగామె బస్తాల మధ్య కింద కూర్చుని ఎర్రనూలు ఒక పక్కకీ, తెల్లనూలు ఒక పక్కకీ వేస్తోంది. చేతులు వాటంతట అవే తిరుగుతున్నాయి. ముడులక్క ఎదురుగా గొంతుక్కూర్చుంది. సంగతి చెప్పింది. "నిన్ను నాటకమన్నాను. తప్పయిపోయింది వదినా" అంది.

పొడుగామె నూలు దించి ఆమెనే చూసింది. "అందరూ అన్నార్లే. నాకే నమ్మకం పోయింది. ప్రతి పరీక్షలోనూ అన్ని అంకెలూ చెప్పాను కదా, మరి ఈ ఈల ఎక్కడిది, పిచ్చిగాని పట్టిందా అనుకున్నా." మళ్ళీ నూలు అందుకుని, "అంకెలు మనం వినలేదన్నమాట" అంది. ఆమెకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు, నూలుచిక్కులో ముఖం పెట్టుకుంది.

షెడ్డులోకి తిరిగొచ్చాక వాగుడుకాయ వదల్లేదు. ఎక్కడికెళ్ళావంటే ఎక్కడికెళ్ళావని ప్రాణం తీసింది. మగ్గాల మీదుగా ముడులక్క అంతా చెప్పింది. వాగుడుకాయ పెదాలు మొదటిసారి ఆగిపోయాయి. నాడెలో నూలు అయిపోయి మగ్గం ఆగినా చూసుకోలేదు.

"నాకూ మోగుతుందక్కా. పడుకుంటే పురుగు దూరినట్టు" అంది చివరికి. "అందరికీ ఉంటుందేమోలే అని ఊరుకున్నా. నువ్వు మాత్రం రేపు నోరెత్తకు. బాబాయి మూతి చూస్తూ కూర్చో, అంకెలు చెప్పేసి వచ్చెయ్. నిన్ను గోడౌన్లో పడేస్తే నీ మగ్గాల మీద ఎవత్తినో తెచ్చి పెడతారు. నేనెవరితో మాట్లాడను?"

"నీకు మనుషులకి కరువా?"

"అక్కా, వేళాకోళం కాదు. నీ కాళ్ళు పట్టుకుంటా." వాగుడుకాయ నిజంగానే ఏడుస్తోంది. ముడులక్క ఆమె ఆగిపోయిన మగ్గంలో కొత్త కండె పెట్టి, మళ్ళీ తిప్పి, తన చోటికి వచ్చింది.

శుక్రవారం షిఫ్టు మారేవేళ మగ్గాలు ఆగాయి. మందులగది బయట ముప్పై ఇద్దరు వరుసకట్టారు. లోపల కాంపౌండరు బాబాయి అద్దాల తలుపుకి ఎదురుగా, బల్ల వెనక కూర్చున్నాడు. చల్లని మనిషి. వేలు తెగితే తన వేలే తెగినట్టు ఉఫ్ ఉఫ్ అంటూ కట్టుకట్టేవాడు. చెప్పే అంకెలు కూడా ఎంతో శ్రద్ధగా, పెదాలు గుండ్రంగా తిప్పి చెబుతాడు. వరుసలో పదకొండు మంది వెళ్ళి వచ్చారు, పదకొండు టిక్కులు పడ్డాయి.

ముడులక్క లోపలికి వెళ్ళింది. మందమైన తలుపు వెనక మూసుకుంది. కుర్చీ తలుపుకి వీపు పెట్టి ఉంది. కూర్చుంది.

"బాగున్నావామ్మా? ఇంటి దగ్గర అంతా బాగేనా?" అన్నాడు బాబాయి. "నీదేముందిలే, మొదలుపెడదామా?"

ఆయన పెదాలు విడిపోబోయే ముందు ముడులక్క కళ్ళు మూసుకుంది.

చీకట్లో టింక్చరు వాసనొచ్చింది. గుండె కొట్టుకోవడం తెలుస్తోంది. ఇంకేమీ లేదు. ఆయనింకా మొదలుపెట్టలేదేమో అనుకుంది. పెట్టి ఉంటే? కళ్ళు తెరవాలని, ఒక్కసారి ఆ మూతి చూసెయ్యాలని ప్రాణం కొట్టుకుంది. తన నాలుగు మగ్గాలు కళ్ళముందు ఆడాయి. రెప్పలు ఇంకా గట్టిగా బిగించి, కుర్చీ అంచు పట్టుకుంది.

వెనకనుంచి దబదబమని అద్దం మోగింది. అది మాత్రం వినబడింది. ఉలిక్కిపడి తిరిగి చూసింది.

వాగుడుకాయ అద్దానికి ముక్కు ఆనించి నిలబడి ఉంది. గొంతు లేదు, పెదాలు మాత్రం ఊడిపడేలా కదులుతున్నాయి: "ముప్పై ఏడు! అక్కా, ముప్పై ఏడు అను!" ఆమె వెనక ఇంకొకామె, ఆ వెనక ఇంకొకామె. కొందరు మూడు వేళ్ళూ ఏడు వేళ్ళూ ఎత్తి చూపిస్తున్నారు. ఏమైందో అక్కకి, ఒంట్లో బాగాలేదేమో, ఎలాగోలా గట్టెక్కించాలి అన్నట్టు వరుస వరుసంతా ఆ అంకె అందిస్తోంది.

ముడులక్క బాబాయి వైపు తిరిగింది. ఆయన చేతిలో కలం ఆగిపోయింది. ఆయన చూపు ముప్పై ముఖాల మీద, మూసిన తలుపు మీద, మందమైన అద్దం మీద తిరిగి మళ్ళీ ఆమె దగ్గరికొచ్చింది.

"నేను గుసగుసగా కదమ్మా చెప్పాను" అన్నాడు. "తలుపేసి ఉంది. వాళ్ళకెలా వినబడింది?"

జవాబు కోసం ఆగకుండా ఆయనే లేచాడు. తలుపు బార్లా తెరిచి, రిజిస్టరు ఎత్తి నోటికి అడ్డం పెట్టుకుని, వరుస వైపు తిరిగాడు. గొంతు దగ్గర కండ కదిలింది కాబట్టి ఏదో అన్నాడని ముడులక్కకి తెలిసింది. ఒకసారి కాదు, రెండుమూడు సార్లు అన్నాడు.

ఆయన రిజిస్టరు దించి ఎప్పుడు మాట్లాడతాడా అని అందరూ ఓపిగ్గా ఎదురుచూస్తూ నిలబడ్డారు.

బాబాయి తలుపు దగ్గరి నుంచి వెనక్కి మళ్ళాడు. తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. రిజిస్టరు తెరిచి, ఆ రోజు టిక్కులున్న పేజీ చూశాడు, దాని ముందుది చూశాడు, దాని ముందుది చూశాడు. "పద్దెనిమిదేళ్ళు" అన్నాడు. "మిమ్మల్ని నేనే మోసం చేశానా అమ్మా?"

"మాకే తెలియలేదు బాబాయ్. మీకెలా తెలుస్తుంది?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఆమె ముఖంలోకి చూస్తూ నిదానంగా అడిగాడు. "నీ పేరు దగ్గర ఏం రాయమంటావ్?"

"వినబడలేదని రాయండి."

"మరి వాళ్ళవి?"

ముడులక్క తలుపు వైపు చూసింది. తన సంగతి తను చెప్పగలదు, వాళ్ళ మగ్గాల సంగతి తనెలా చెబుతుంది? గడపలో వాగుడుకాయ ఉంది. బాబాయి అడిగింది ఆయన పెదాల మీదే పట్టుకుంది. వెనక్కి తిరిగింది. ఆమె నుంచి వెనకామెకి, ఆ వెనకామెకి, చివరిదాకా పెదాలు కదిలాయి. చివరి నుంచి మళ్ళీ ముందుకు వచ్చాయి. ఎక్కడా చిన్న చప్పుడు లేదు.

వాగుడుకాయ లోపలికొచ్చి ముడులక్క కుర్చీ వెనక, ఎడమవైపు నిలబడింది. ఫ్యాక్టరీలో ఇన్నేళ్ళుగా ఎవరూ వినని గొంతు మొదటిసారి పైకి తీసి, బాబాయితో గట్టిగా అంది:

"మా అందరికీ అదే రాయండి బాబాయ్. ఆ గోడౌన్లో ముప్పై ఇద్దరం ఎలాగూ పట్టం."

బాబాయి కలం తీసుకుని, ఆ రోజు వేసిన మొదటి టిక్కు మీద అడ్డంగా గీత గీశాడు.